వైరు మేస్త్రీకి కొలువిచ్చిన నా తప్పు

నా ఇరవై ఆరేళ్ళ సర్వీసులో చాలా తప్పులు చేశాను. వాటిలో ఒక్కటి మాత్రం ఒక మనిషికి ఉద్యోగం ఇచ్చింది. సాలూరు వైపు ఒక లారీ యార్డులో, నెట్‌వర్క్ స్విచ్‌లో టైపు కొట్టవలసిన ఒక లైను నేను కొట్టలేదు. ఆ లైను లేకపోవడం వల్ల ఒకాయనకి జీతం, కుర్చీ, గొడుగు, హాజరు పుస్తకం అన్నీ వచ్చాయి. ఎనిమిది నెలల తరవాత నేను మళ్ళీ అక్కడికి వెళ్ళాను. ఆ లైను కొడితే ఆయన కుర్చీ పోతుంది. కొట్టకపోతే డ్రైవర్ల వంతులు పోతాయి.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్ చేసి, "మేడం, ఏ సర్టిఫికెట్ చేస్తే మంచిది?" అని అడుగుతుంటారు. నేను వాళ్ళకి ఈ సంగతి చెబుతాను. విన్న తరవాత కూడా సర్టిఫికెట్ గురించే అడిగితే ఫోన్ పెట్టేస్తాను.

నిచ్చెన

రిటైరయ్యానంటే అరవై దాటాయనుకోకండి. యాభై రెండుకే మానేశాను. కారణం మోకాళ్ళు. నెట్‌వర్క్ ఇంజనీరంటే ఏసీ గదిలో కూర్చునే మనిషని మీ అమ్మానాన్నలు అనుకుంటున్నారేమో. ఆ గదులు విశాఖపట్నంలో ఉండిపోయాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్విచ్ అనేది అటక మీద ఉంటుంది, లేదా కందిరీగల గూడు పక్కన ఉంటుంది. బొబ్బిలిలో ఒకచోట స్నానాలగది తలుపు పైన పెట్టారు. లోపలున్నాయన బయటికి వచ్చేదాకా నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. స్విచ్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించేవాడు జన్మలో నిచ్చెన ఎక్కడు. ఇది మొదటి పాఠం.

"మీరు నిచ్చెన ఎక్కుతారా మేడం?" అని ప్రతిచోటా ఎవడో ఒకడు అడుగుతాడు. "లేదు బాబూ, అది వచ్చి నన్ను ఎక్కుతుంది, నువ్వు పట్టుకో చాలు," అనేదాన్ని.

మా నాన్నకి నరసన్నపేటలో బట్టల కొట్టు ఉండేది. బేరమాడటం, ఎదురుచెప్పటం మా ఇంట్లో అన్నంతోపాటు పెట్టారు. ఆయన కొత్త సరుకు వస్తే ముందు ఒక మూల తడిపి, ఉతికి, ఆరేసి, అప్పుడు "రంగు పోదు" అని చెప్పేవాడు. "ఉతక్కుండా రంగు పోదని చెప్పినోడు వ్యాపారి కాదే, జ్యోతిష్కుడు," అనేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోని రోజు గురించే చెప్పబోతున్నాను.

బంతి భోజనం

ఆ యార్డులో నా పని ఒక మైకు మాటని చాలా స్పీకర్లకి పంపే మల్టీకాస్ట్‌తో. అంటే ఏమిటో బంతి భోజనంతో చెబుతాను. పుస్తకాల్లో బొమ్మలేసి చెబుతారు గానీ ఆ బొమ్మలు చూసి ఎవరికీ ఆకలి వేయదు.

కావలసిన ఒక్కొక్కరి ఇంటికీ విడిగా క్యారేజీ కట్టి పంపడం ఒక పద్ధతి. కావాలా వద్దా అని అడక్కుండా అందరి ఆకుల్లోనూ సాంబారు గుమ్మరించడం ఇంకో పద్ధతి. మల్టీకాస్ట్ మూడోది. ఒక్కసారే వండి, చెయ్యెత్తినవాళ్ళకే వడ్డించడం. స్విచ్ అంటే ఆ వడ్డించేవాడు. ఎవరు చెయ్యెత్తారో గుర్తుపెట్టుకుంటాడు. కానీ వాడికి మతిమరుపు. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లలో ఎవరైనా మళ్ళీ చెయ్యెత్తకపోతే, "తిని లేచిపోయారు కాబోలు" అనుకుని వడ్డించడం మానేస్తాడు. అటువైపు స్పీకర్లేమో మహా మొహమాటస్తులు. మొదట ఒకసారి చెయ్యెత్తుతాయి. ఆ తరవాత ఎవరైనా అడిగితే తప్ప ఎత్తవు.

అందుకని బంతి చివర నిలబడి మధ్యమధ్యలో "ఇంకా ఎవరికి కావాలి?" అని కేకేసే పెద్దమనిషి ఒకడు ఉండాలి. మా భాషలో ఆయన్ని క్వెరియర్ అంటారు. ఆయన కేకేస్తే స్పీకర్లు చేతులెత్తుతాయి, వడ్డించేవాడికి గుర్తుంటుంది, బంతి సాగుతుంది. ఆ పెద్దమనిషిని నియమించడానికి కొట్టవలసింది ఒక్క లైను. నేను కొట్టనిది అదే.

ఉప్మా తిని సంతకం పెట్టించుకున్నాను

ఆ యార్డులో లారీలకి లోడు వంతుల ప్రకారం ఇస్తారు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా బుకింగు గుమాస్తా పైడిరాజు మైకులో నంబర్లు పిలుస్తాడు. మూడు పిలుపుల్లో డ్రైవరు వచ్చి నిలబడకపోతే వాడి నంబరు జాబితా అడుక్కి పోతుంది. మళ్ళీ పైకి రావడానికి రెండు రోజులు, ఒక్కోసారి మూడు. అందుకని టీ కొట్టు దగ్గర, టైర్ల షెడ్డు దగ్గర, కుళాయిల దగ్గర, పడుకునే హాల్లో, మొత్తం పదకొండు స్పీకర్లు పెట్టారు. అన్నిటికీ కరెంటూ మాటా ఒకే వైరులో వెళ్ళేటట్టు గోడ మీద ఒక పెట్టె. ఆ పెట్టెలో స్విచ్.

నన్ను మొదటిసారి పిలిచింది వేరే గోలకి. పైడిరాజు మైకు ఎత్తితే చాలు, తూకం కాటా తిక్కతిక్కగా అంకెలు చూపించేది. ఖాళీ లారీకి పదహారు టన్నులు. డ్రైవరు దిగి లారీ చుట్టూ తిరిగి చూసుకున్నాడట, ఎవడైనా దొంగతనంగా ఏమైనా ఎక్కించాడేమోనని. సంగతేమిటంటే, వడ్డించేవాడు అడక్కుండానే అందరి ఆకుల్లో గుమ్మరిస్తున్నాడు. స్పీకర్లకి వెళ్ళవలసిన మాటలన్నీ కాటాకున్న పాత డబ్బాలోకి కూడా వెళ్ళి దాని ప్రాణం తీస్తున్నాయి. చెయ్యెత్తినవాళ్ళకే వడ్డించమని స్విచ్‌కి చెప్పాను. కాటా కుదుటపడింది.

పైడిరాజు "హలో, హలో" అన్నాడు. పదకొండు స్పీకర్లూ "హలో" అన్నాయి. రెండు నిమిషాలు చూశాను. ఈలోగా మా మేనేజరు పట్నాయక్ గారు ఫోన్ చేసి, "ఇంకా అక్కడేనా? బొబ్బిలివాళ్ళు నా తల తింటున్నారు," అన్నారు. యార్డు క్యాంటీన్‌లో ఉప్మా తిని, యార్డు కమిటీ ప్రెసిడెంటు గారి సంతకం తీసుకుని బస్సెక్కాను. నాలుగు నిమిషాల జబ్బుకి రెండు నిమిషాల పరీక్ష. మా నాన్న ఉండి ఉంటే ఆ ఉప్మా నా నెత్తిన పోసేవాడు.

గొడుగు కింద మనిషి

ఎనిమిది నెలల తరవాత పన్నెండో స్పీకరు బిగించడానికి వెళ్ళాను. పెట్టె కింద కుర్చీ వేసుకుని ఒకాయన కూర్చున్నాడు. యాభై అయిదేళ్ళుంటాయి. పైన గొడుగు కట్టి ఉంది. పెట్టెకి పసుపు, కుంకుమ, నిమ్మకాయ. ఆయన కళ్ళు మూసుకుని, చేతులు గాలిలో ఎటో తిప్పుతూ, ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, పెట్టె కరెంటు వైరు టక్కున లాగి, మళ్ళీ పెట్టి, తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

"ఏం చేస్తున్నావు బాబూ?" అన్నాను.

"వైరుకి ఊపిరిస్తన్నానమ్మా. నాలుగు నిమిసాలకోసారి ఇయ్యకపోతే గొంతు పోతాది."

"ఎవరు చెప్పారు?"

"కంపినీవోళ్ళే సెప్పినారు. నాను వైరు మేస్త్రీని. సింహాచలం నా పేరు. నువ్వెవరమ్మా?"

స్పీకరు బిగించడానికి వచ్చినదాన్నని మాత్రం చెప్పాను.

జరిగిందిది. నేను ఉప్మా తింటుండగానే స్పీకర్లు మూగబోయాయట; నేను బస్సెక్కాక పైడిరాజు మైకు ఎత్తితే గానీ ఎవరికీ తెలియలేదు. వాళ్ళు మా ఆఫీసుకి ఫోన్ చేశారు. పట్నాయక్ గారు అందరికీ చెప్పేదే చెప్పారు: "ఆపి మళ్ళీ పెట్టండి." పెట్టారు. స్పీకర్లు కొత్తగా లేచి చేతులెత్తాయి, మాట వచ్చింది. నాలుగు నిమిషాలకి పోయింది. మళ్ళీ ఫోన్. మళ్ళీ "ఆపి మళ్ళీ పెట్టండి." ఒకేరోజు ఇరవైసార్లు అదే జవాబు చెప్పి ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. అప్పుడు యార్డు కమిటీ కూర్చుని, ఇది కంపెనీ పద్ధతే కాబోలని నిశ్చయించి, ఆపి మళ్ళీ పెట్టడానికి ఒక మనిషిని వేసింది.

పిల్లలూ, ఆపి మళ్ళీ పెట్టమనడం మందు కాదు. రోగిని చెంపమీద కొట్టి లేపడం. లేస్తాడు. రోగం ఎక్కడికీ పోదు.

"వాచీ లేదు కదా, నాలుగు నిమిషాలని నీకెలా తెలుస్తుంది?" అని అడిగాను.

"వాచీ ఎందుకమ్మా? సుంకి ఘాటీ ఎక్కుతాను."

"ఏమిటీ?"

"ఈడ కూకునే. లోడు బండి, రెండో గేరు. మొదటి మలుపు, రెండో మలుపు, మూడో మలుపు దాటగానే లాగుతాను. లాగి మళ్ళా కిందనుంచి ఎక్కుతాను. మూడో మలుపు దాటి ఒక్కనాడూ పోలేదమ్మా, ఈ వైరు పోనీదు."

ఫోన్లో సమయం పెట్టుకుని చూశాను. నాలుగు నిమిషాల పది సెకన్లు. రెండోసారి నాలుగు పన్నెండు. నేను కాన్ఫిగర్ చేసిన స్విచ్ కంటే ఈ మనిషి నమ్మకస్తుడు.

సాలూరు నుంచి ఒడిశా వైపు ఎక్కే ఆ కొండదారిలో ఇరవై తొమ్మిదేళ్ళు లారీ తోలాడట. ఒకసారి లోడుతో దిగుతుంటే బ్రేకు పోయింది. లారీని కొండకేసి ఆన్చాడు. లారీ నిలబడింది గానీ ఆయన మోకాలు నిలబడలేదు. తరవాత ఎవరూ బండి ఇవ్వలేదు. ఈ వైరు దొరికేదాకా రెండేళ్ళు ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

అలా మాట్లాడుతుండగానే గౌరీశు అనే డ్రైవరు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు.

"ఏటి మావా, అటుమొన్న మజ్జాన్నం ఎక్కడికి పోనావు? కుళాయి కాడ తానం సేస్తన్నాను, పిలుపు ఇనపళ్ళేదు. నా నంబరు అడుక్కి పోనాది!"

"ఒరే, అన్నం తినడానికి పోనాన్రా. నాను తినొద్దేటి?"

"నువ్వు తిన్నావు. రాయపూరు లోడు పోనాది. మూడు దినాలు నాను తినలేదు!"

ఇద్దరిదీ న్యాయమే. తప్పు ఎవరిదో ఆ యార్డులో ఒక్కదానికే తెలుసు. అది పన్నెండో స్పీకరు చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

కమిటీ

మా పట్నాయక్ గారికి ఫోన్ చేసి విషయం చెప్పాను. "గుట్టుగా లైను కొట్టేసి వచ్చేయండి. తప్పు మనదని చెప్పకండి. ఏదో పార్టు మార్చామనండి," అన్నారు. చెడ్డవాడు కాదు. తప్పు ఒప్పుకుంటే ఒళ్ళు చల్లబడి చచ్చిపోతాననుకునే రకం. మీకూ ఇలాంటి బాస్‌లు దొరుకుతారు. వాళ్ళ జ్వరాలకి పక్కన కూర్చోండి గానీ వాళ్ళ సలహాలు వినకండి.

లైను కొట్టే ముందు సింహాచలానికి చెప్పాలనిపించింది. చెప్పాను. ఆయన చాలాసేపు వైరు వైపు చూశాడు. ఆ రోజు మొదటిసారి మలుపు తప్పాడు, స్పీకర్లు మూగబోయాయి.

"కొట్టకమ్మా. ఇంటికి పోతే గోడే," అన్నాడు.

"గౌరీశు మూడు రోజులు పస్తున్నాడు కదయ్యా."

"అదీ నిజమే," అన్నాడు. తిట్టి ఉంటే నా పని సులువయ్యేది. తిట్లకి నా దగ్గర ఎప్పుడూ జవాబుంటుంది.

కొట్టాను. ఒక్క లైను. అరనిమిషం కూడా పట్టలేదు. తరవాత కమిటీ ముందుకి వెళ్ళి, తప్పు నాదేనని, ఇక వైరు లాగక్కర్లేదని చెప్పాను. వాళ్ళు నమ్మలేదు.

"ఎనిమిది నెలలుగా లాగితేనే పనిసేస్తన్నాది కదమ్మా," అన్నారు ప్రెసిడెంటు గారు. నిండైన మనిషి, నిండైన గొంతు. "వైరుకి ఆయాసం వస్తాది. అది మా అందరికీ తెలుసు. నువ్వేటి, లైను అంటన్నావు?"

"వైరుకి ఆయాసం ఏమిటండీ, అది మీలాగ మెట్లెక్కుతోందా?"

"పోనీ రుజువు సెయ్యి. నాను మైకులో మాటాడతాను. సింహాచలం వైరు ముట్టకూడదు. అయిదు నిమిసాలు దాటి నా మాట కుళాయి కాడ ఇనపడితే నువ్వు సెప్పింది నిజం. ఇనపడకపోతే నువ్వు, నీ లైనూ బేగి విజయనగరం బస్సెక్కండి."

యార్డంతా వచ్చింది. సింహాచలం కుర్చీలో చేతులు తొడలకింద పెట్టుకుని కూర్చున్నాడు. ప్రెసిడెంటు గారు మొదలుపెట్టారు. ఒక నిమిషం. రెండు. మూడో మలుపు దగ్గర సింహాచలం కుడిచెయ్యి తనంతట తాను బయటికొచ్చింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు. నాలుగు ఇరవై. నాలుగున్నర. కుళాయిల దగ్గర నిలబడ్డ గౌరీశు తువ్వాలు ఊపాడు. వినబడుతోంది! అయిదు నిమిషాలు. అందరూ చప్పట్లు కొట్టారు. సింహాచలం కొట్టలేదు.

ప్రెసిడెంటు గారు మాత్రం ఆగలేదు.

ఇక్కడ మీకొక సంగతి తెలియాలి. ఎనిమిది నెలలుగా ఆయన ఏ ప్రసంగమూ నాలుగు నిమిషాల తరవాత తెగకుండా సాగలేదు. ప్రతి నాలుగు నిమిషాలకీ వైరు లాగడం, స్పీకర్లు లేవడానికి కాసేపు పట్టడం, ఈలోగా జనం తలోదిక్కూ జారుకోవడం. ఇప్పుడు తన గొంతు ఆగకుండా పదకొండు చోట్ల మోగుతుంటే ఆయనకి పూనకం వచ్చింది. మొదటి లారీ కొన్న సంగతి చెప్పారు. అంతకుముందు వాళ్ళ తాతగారి ఎడ్లబండి సంగతి. ఆ ఎడ్ల పేర్లు. కుళాయి దగ్గర సబ్బు నురగ వదిలేసి పోయేవాళ్ళ గురించి పావుగంట. పడుకునే హాల్లోకి పారిపోయినవాళ్ళకి అక్కడ కూడా ఎడ్లే ఎదురొచ్చాయి. నలభై నిమిషాలు దాటింది. పైడిరాజు పక్కన నిలబడి నంబర్ల కాగితం చూపిస్తున్నాడు. ఒక్క లారీ కదల్లేదు.

గౌరీశు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వెనక పదిమంది.

"అమ్మా, నీకు దండవెడతాను. పాత జబ్బే నయం. మళ్ళా తెప్పించేయ్!"

"పొద్దున్న నువ్వే కదరా మూడు రోజులు తినలేదన్నావు?"

"తిండి లేకపోనా ఉంటానమ్మా. ఇది మనిసి పడేదేటి?"

కొట్టిన లైను తీసేది లేదన్నాను. అది నా వృత్తికి అవమానం. కానీ గొడుగు వైపు చూశాను. ఆ చూపు గౌరీశు పట్టుకున్నాడు. వెళ్ళి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మావా, పొద్దున్న అన్నది మనసులో ఎట్టుకోకు. నీకు దణ్ణం. ఒక్కసారి లాగు."

సింహాచలం నావైపు చూశాడు. "లాగకూడదు కదమ్మా. రుజువు."

"రుజువు అయిదు నిమిషాలకే అయిపోయింది," అన్నాను.

టక్.

ఆ నిశ్శబ్దంలో ఘాటీ వైపునుంచి ఒక లారీ హారను కూడా వినపడింది.

సర్వీసు రిపోర్టు

ఆ మధ్యాహ్నం కమిటీలో ఒకే విషయం: వైరు మేస్త్రీ పోస్టు ఉంచాలా, తీసేయాలా. డ్రైవర్లందరూ ఉంచాలన్నారు. ప్రెసిడెంటు గారికి అర్థం కాలేదు.

"వైరుకి ఆయాసం తగ్గిపోనాది కదా. ఇంక మనిసెందుకు?"

నేను లేచాను. "యంత్రం అన్నాక మాట ఆపవలసిన అవసరం ఎప్పుడో ఒకప్పుడు వస్తుందండీ. ఎప్పుడు వచ్చిందో కనిపెట్టే తెలివి స్విచ్‌కి లేదు. దానికి అనుభవమున్న మనిషే కావాలి."

"అదీ నిజమే," అన్నారాయన. అని, గొంతు తగ్గించి, "నాను మాటాడేటప్పుడు మాత్రం లాగొద్దని ఆ స్విచ్‌లోనే రాసేయకూడదేటమ్మా?" అన్నారు.

"అటువంటి లైను ఇంకా ఎవరూ కనిపెట్టలేదండి."

ఆయన నావైపు చూసి, గుంపు వైపు చూసి, సంతకం పెట్టేశారు. ఆయన అంత అమాయకుడని నేను ఇప్పటికీ అనుకోను.

రిపోర్టులో నా తప్పు నేనే రాశాను. కింద, "అవసరమైనప్పుడు వైరు లాగుటకు ఒక వ్యక్తి ఉండుట మంచిది" అని రాశాను. పట్నాయక్ గారు అది చదివి నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారం ఆఫీసులో చాలా పని జరిగింది. నా సర్వీసులో అక్షరం అబద్ధం లేని రిపోర్టు అదొక్కటే.

ఆ తరవాత ఏ ఊళ్ళో మల్టీకాస్ట్ పెట్టినా, పది నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాకే సంతకం అడిగాను. ఉప్మా చల్లారితే చల్లారనీ.

మానేసే ముందు చివరిసారి ఆ యార్డు మీదుగా వెళ్ళాను. సింహాచలం కుర్చీలోనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. చేతులు తిరుగుతున్నాయి.

"ఇంకా ఎక్కుతున్నావా?" అన్నాను.

"ప్రెసిడెంటు గారు మైకు అట్టుకున్న దినం మూడో మలుపు కాడే ఆపి లాగుతాను. మిగతా దినాలు ఆపక్కర్లేదు కదమ్మా, పైదాకా పోతన్నాను. నిన్న ఘాటీ మీద పొట్టంగి దాకా పోయి టీ తాగినాను."

"మరి దిగేటప్పుడో?"

ఆయన మోకాలు నిమురుకున్నాడు.

"దిగనమ్మా. బండి అక్కడే పెట్టేసి, అయిదు కొట్టగానే ఈడ కుర్చీ మడిసేస్తాను."